చందా పుస్తకానికి తెలిసిన ఊరు

మా వీధి చందా పుస్తకం పొడుగ్గా, సన్నగా ఉండే చిట్టా పుస్తకం. ఎర్ర అట్ట, మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు. ఒడిశాలోని మా బరంపురంలో రెండేళ్ళకోసారి గ్రామదేవత ఠాకురాణి యాత్ర దగ్గర పడ్డప్పుడు దాన్ని బయటికి తీస్తారు. పేజీకి పదిహేను ఇళ్ళు. ఇంటిపేరు, ఇంటి పెద్ద పేరు, పోయిన యాత్రకి ఇచ్చింది, ఈ యాత్రకి ఇచ్చింది. ఈ నాలుగు గళ్ళూ అయ్యాక అంచున కొంచెం ఖాళీ జాగా ఉంటుంది. నన్నడిగితే పుస్తకంలో విలువైనదంతా ఆ అంచునే ఉంది. "సూరత్‌లో ఉన్నాడు, పండక్కి వస్తాడు." "తమ్ముడు వేరుపడ్డాడు, ఇక రెండిళ్ళు." "ఈ ఏడు మైల." ఒక ఇంటి పేరు పక్కన మాత్రం నాలుగు యాత్రలుగా ఒకే మాట రాసి ఉంది: "అడగొద్దు."

ఆ ఇంట్లో ఒక ముసలామె ఒంటరిగా ఉంటుంది. భర్త మగ్గం మీద పనిచేసేవాడు, పోయి చాలాకాలమైంది. చందాకి బయల్దేరిన కుర్రాళ్ళు ఆ గుమ్మం దగ్గరికి రాగానే మాట్లాడుకుంటూ ముందుకి నడిచిపోతారు. యాత్రలో ఆడవాళ్ళు తల మీద మోసుకొచ్చే అమ్మవారి ఘటం మాత్రం ఆ గుమ్మం ముందు ఆగుతుంది. ఆమె పళ్ళెం అందుకుంటారు, ప్రసాదం అందరికీ ఇచ్చినట్టే ఇస్తారు. తాను బీదదాన్నని ఆమె ఎవరికీ రుజువు చేసుకోలేదు. ఎవరు రాశారో తెలియని ఆ ఒక్క మాటతో పని జరిగిపోయింది. ఒక ఊరు తన మనుషులను ఎలా చూసుకోవాలో నాకు ఆ మాటలో కనిపిస్తుంది. అదే ఊళ్ళో, అదే వీధిలో, మా మేనత్తకి జరిగింది తలచుకున్నప్పుడు మనసు చివుక్కుమంటుంది.

మా మేనత్తకి 70 దాటాయి. మినప అప్పడాలు చేసి పెద్దబజారు దుకాణాలకి వేస్తుంది. ఒడియాలో ఆమె బేరం మొదలుపెడితే షావుకారే తగ్గాలి. ఆ భాష ఆమెకి నోటి నిండా ఉంది, కంటికి మాత్రం లేదు. చిన్నప్పుడు తెలుగు బడిలో రెండో తరగతి దాకా వెళ్ళింది, ఆ అక్షరాలు కూడా ఇప్పుడు గుర్తుపట్టలేదు. ఒకరోజు నేను వెళ్తే బియ్యం డబ్బా మూత కింద దాచిన కాగితం తీసి ఇచ్చింది. "ఇదేటో సూడరా. ఇంటి పన్నుదనుకుని దాసేను. నువ్వొచ్చినప్పుడు కడదామని."

పన్ను కాగితం కాదు. ఒక కార్యాలయం నుంచి ఒడియాలో వచ్చిన నోటీసు. పింఛను కొనసాగాలంటే 15 రోజుల్లో ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని వచ్చి తాను బతికే ఉన్నానని చూపించుకోవాలి. నేను చదివేనాటికి గడువు దాటి రెండు నెలలైంది. ఆ నోటీసు తెచ్చినవాడు దాన్ని తలుపు సందులో పెట్టి వెళ్ళాడు. ఆమె ఆ సమయానికి పెరట్లో అప్పడాలు ఎండబెడుతోంది. ఒక్క మాట, ఒడియాలోనైనా సరే, పిలిచి చెప్పి ఉంటే ఆ పూటే బయల్దేరేది. పింఛను తిరిగి రావడానికి అయిదు నెలలు పట్టింది. ఎన్నోసార్లు ఆ కార్యాలయం మెట్లెక్కి దిగింది. "నాను బతికున్నానని నానే సెప్పుకోవాలా?" అని నన్నడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఠాకురాణి యాత్ర సంగతి దూరాన ఉన్న తెలుగువాళ్ళకి అంతగా తెలియదు, కాబట్టి కొంచెం చెప్పాలి. బరంపురం గ్రామదేవత బుఢీ ఠాకురాణి. పట్టు నేసే డేరా కులంవాళ్ళు ఆమెను తమ ఇంటి ఆడపడుచు అనుకుంటారు. వాళ్ళ కులపెద్దను దేశిబెహెరా అంటారు. అమ్మవారు ఆయన కూతురు. రెండేళ్ళకోసారి గుడి వదిలి దేశిబెహెరా వీధిలో పందిరి వేసి కట్టిన తాత్కాలిక గుడికి, అంటే పుట్టింటికి వస్తుంది. ముందు శుభఖుంటి అనే గుంజ పాతుతారు. యాత్ర మొదలయ్యాక ఇంచుమించు నెల రోజులు రాత్రుళ్ళు ఘటాలు వీధి వీధీ తిరుగుతాయి. మొక్కుకున్నవాళ్ళు పులి వేషం కడతారు, దేవుళ్ళ వేషాలు కడతారు, పిల్లలకి కూడా కట్టిస్తారు. డేరాల పూర్వులు రాజమండ్రి వైపు నుంచి వచ్చారని పెద్దలు చెబుతారు. ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. అయినా యాత్ర ఊరందరిదీ. ఒడియా ఇంటి ముందూ ఘటం ఆగుతుంది, ఆ ఇల్లాలూ వాకిలి కడిగి ముగ్గు పెట్టుకుని పసుపు నీళ్ళతో ఎదురు చూస్తుంది.

భక్తి సంగతి అలా ఉంచి, ఆ నెలలో వీధి ఎలా పనిచేస్తుందో చూడండి. ఘటం ఏ రాత్రి ఏ వీధికి వస్తుందో ముందే తెలుస్తుంది. ఘటం మీద పూల అలంకారం తగులుతుందేమోనని కిందికి వేలాడే కేబుల్ తీగలన్నిటినీ ఎవరో ఒకరు నిచ్చెన వేసి పైకి కడతారు. కాలువ మీద విరిగిపోయిన పలక మా వీధిలో ఏడాదికి పైగా అలాగే ఉంది, ఇద్దరు పడ్డారు కూడా. ఘటం మోసే ఆడమనిషి కాలు అందులో పడకూడదని వారం ముందు చందా డబ్బుతో కొత్త పలక వేయించారు. దీపం లేని మూలకి దీపం వచ్చింది. ఎవరూ అర్జీ పెట్టలేదు. ఎవరో ఒకరు ఆ దారిన నడిచి వస్తున్నారు, ఆమె తల మీద బరువుంది, ఆమె కళ్ళు కిందికి చూడలేవు అన్న ఒక్క తలంపే అంత పనీ చేయించింది.

మరి మిగతా ఇరవై మూడు నెలలూ ఆ దారిన నడిచేవాళ్ళు మనుషులు కారా అన్నది నా ప్రశ్న.

బరంపురంలో పురపాలన కొత్తదేం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగానే, 1867లో ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. 2008లో నగరపాలక సంస్థ అయింది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలూ ఆ పైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. 2011 లెక్కల్లోనే మన జనాభా మూడున్నర లక్షలు దాటింది, కాబట్టి మనకీ ఉండాల్సిందే. 2022 మార్చిలో ఒడిశాలో మొదటిసారి మేయర్లను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. అంతకు ముందరి పాలకమండలి గడువు తీరాక మూడేళ్ళకు పైగా ఎన్నికైన మండలి లేకుండానే గడిచింది. ఆ మూడేళ్ళలో మా వీధివాళ్ళు పెద్దగా కంగారు పడలేదు. నన్ను బాధపెట్టేది అదే. యాత్ర ఒక ఏడు ఆగిపోతుందంటే ఊరంతా గుండెలు బాదుకుంటుంది. ఎన్నికలు మూడేళ్ళు ఆగితే అడిగేవాళ్ళు లేరు. ఘటం మన గుమ్మం దాకా వస్తుంది, పాలన రాలేదు. గుమ్మం దాకా రానిది ఆగిపోయినా మనకి తెలియదు.

ఇలాంటి మాట ఎత్తగానే మనవాళ్ళు వెంటనే భాష దగ్గరికి వస్తారు. నోటీసులు తెలుగులో ఉండాలి అంటారు. ఉండాలి. అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటూ ఏ అధికారికైనా, దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకోవచ్చు. అంటే మన గంజాం జిల్లాలో తెలుగులో రాసిన అర్జీని తీసుకోం అనే హక్కు ఎవరికీ లేదు. 350ఏ అధికరణ భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక చదువు తల్లిభాషలో చెప్పే ఏర్పాటు ఉండాలంటుంది. బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది ఉంటే ఆ భాష చెప్పే ఉపాధ్యాయుణ్ణి వేయాలన్నది 1949 నుంచీ ఉన్న ఒప్పందం. జనాభాలో 15 శాతం మంది ఒక భాష మాట్లాడే చోట ముఖ్యమైన నోటీసులు ఆ భాషలోనూ వేయాలన్నది కూడా రాష్ట్రాలన్నీ ఒప్పుకున్న మాటే. ఇవేవీ కొత్త కోరికలు కావు. తెలుగులో అర్జీ రాసి ఇచ్చి రసీదు అడిగినవాళ్ళు మన వీధిలో ఎంతమంది? నాకు తెలిసి ఒక్కరూ లేరు. నేనూ రాయలేదు, మేనత్త పింఛను అర్జీని ఒడియాలోనే రాయించాను. పని త్వరగా కావాలన్న తొందరలో హక్కు సంగతి మరచిపోయాను.

అయినా ఆ నోటీసు తెలుగులో ఉండి ఉంటే ఏమయ్యేది? మా మేనత్త దాన్నీ బియ్యం డబ్బా మూత కిందే దాచేది. పక్కింటి పిల్ల ఇంటర్ చదువుతోంది. ఒడియా గడగడా చదువుతుంది, ఇంగ్లీషు చదువుతుంది, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. తెలుగు నోటీసు వచ్చి ఉంటే ఆ పిల్ల కూడా చదివి చెప్పలేకపోయేది. మా ఇళ్ళల్లో తెలుగు నాలుక మీద బతుకుతోంది, కాగితం మీద యాభై దాటినవాళ్ళ దగ్గర ఆగిపోయింది. ఈ నిజం మింగుడుపడనిదే, కానీ దాన్ని పక్కన పెట్టి చేసే భాషా ఉద్యమం ఎవరికి మేలు చేస్తుంది? ముందు మా మేనత్తకి కావలసింది ఒక నోరు. గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, పదిహేను రోజుల్లో రావాలి, ఈ రెండు కాగితాలు తేవాలి" అని ఆమెకి అర్థమయ్యే మాటల్లో చెప్పే మనిషి.

ఈ సరిహద్దుల్లో ఆ సంగతి అందరికంటే ముందు గ్రహించినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నాడు. ఆ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేసి, బడులు పెట్టించాడు. తెలుగులో వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు చేరినప్పుడు, దాన్ని వ్యతిరేకించి, దశాబ్దాల పాటు బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు. మన సభల్లో ఆ వెళ్ళిపోవడం గురించే ఎక్కువ మాట్లాడతాం. సవర పిల్లల ముందు కూర్చుని వాళ్ళ మాట నేర్చుకున్న సంగతి తక్కువ మాట్లాడతాం. ఇప్పుడు గజపతి, రాయగడ జిల్లాల్లో సవర, కుయి మాట్లాడే ముసలివాళ్ళ తలుపు సందుల్లో కూడా నోటీసులు పడుతూనే ఉంటాయి. మనకి తెలుగు అడిగే నోటితో వాళ్ళకి వాళ్ళ భాష అడగకపోతే ఆ అడగడంలో బలం ఉండదు. ఇచ్ఛాపురం మనకి పాతిక కిలోమీటర్లు. అక్కడ, సోంపేట, మందస వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలున్నాయి. ఇక్కడ మన ఇబ్బంది అక్కడ వాళ్ళది. రెండు గుమ్మాల మధ్య గీసిన గీత 1936 నాటిది, రెండు గుమ్మాల్లోనూ చదవలేని కాగితం ఈనాటిది.

పాలనకి గుమ్మం దాకా రావడం చేతకాదనుకుంటే పొరపాటు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ రెండు మూడు రోజుల్లో ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించి ఆశ్రయాలకి చేర్చారు. 1999 పెనుతుపానులో ఇంచుమించు పదివేల ప్రాణాలు పోయిన రాష్ట్రంలో ఈసారి ఆ లెక్క పదుల్లో ఆగింది. గాలి ఎంత వేగంతో వస్తుందో ముందే తెలియడం ఒక కారణం. ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్ళున్నారో, ఎవరు కదలనని మొండికేస్తారో తెలిసిన మనుషులు తలుపులు తట్టడం రెండో కారణం. గోపాలపురం తీరంలో వలలు వేసేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. వాళ్ళ ఊళ్ళలో ఒకటి వెంకట్రాయపురం. సునామీని ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉన్న ఊరుగా 2020లో యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం గుర్తించింది. దేశంలో మొదట ఆ గుర్తింపు పొందిన రెండు ఊళ్ళలో అదొకటి. ఏ దారిన పరుగెత్తాలి, ఎవరిని ఎవరు పట్టుకుని నడిపించాలి అన్నది ఊరంతా కలిసి సాధన చేస్తే తప్ప ఆ గుర్తింపు రాదు. చావు తరుముకొస్తున్నప్పుడు చేతనైన పని పింఛను విషయంలో ఎందుకు చేతకాదు?

పట్టణాల్లో కూడా ఒక నమూనా ఉంది. ఒడిశా పట్టణాల్లో జలసాథీలు అని స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి నీటి మీటరు చూసి బిల్లిస్తారు, డబ్బు కట్టించుకుంటారు, కొత్త కుళాయికి దరఖాస్తు రాయిస్తారు, నీళ్ళు తాగడానికి పనికొస్తాయో లేదో పరీక్ష చేసి చూపిస్తారు. వసూలు చేసినదానిలో వాళ్ళకి కొంత వాటా వస్తుంది. తలుపు సందులో కాగితం పెట్టి పోయేవాడికీ, వరండాలో కూర్చుని మంచినీళ్ళు పుచ్చుకుని బిల్లు వివరంగా చెప్పే ఆడమనిషికీ ఎంత తేడా ఉందో చెప్పాలా? తెలుగు ఎక్కువగా మాట్లాడే వీధులకి తెలుగు వచ్చిన ఆడవాళ్ళని వేసి, నీటి బిల్లుతో పాటు ప్రతి నోటీసూ వాళ్ళ చేతనే చెప్పించాలి. చెప్పామని వాళ్ళు సంతకం చేసేదాకా గడువు రోజులు లెక్కలోకి రాకూడదు. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ఉద్యోగం కూడా అక్కర్లేదు. సందు సందు నడిచే కాళ్ళు ఇప్పటికే ఉన్నాయి.

ఇదంతా చదివి, అయితే చందా పుస్తకానికే ఊరు అప్పగిస్తే పోదా అనేవాళ్ళుంటారు. పోదు. ఆ పుస్తకంలో లేని ఇళ్ళు చాలా ఉన్నాయి. మా వీధి చివర మేడ మీద అద్దెకున్నవాళ్ళ పేర్లు అందులో లేవు. కొండల మీద నుంచి కూలికి వచ్చి రేకుల గదుల్లో ఉంటున్న మూడు కుటుంబాల పేర్లు లేవు. వాళ్ళ గుమ్మం పక్కన "అడగొద్దు" అని కూడా ఎవరూ రాయలేదు, ఎందుకంటే వాళ్ళు ఉన్నట్టే పుస్తకానికి తెలియదు. కులం, వీధి, చుట్టరికం తనవాళ్ళనే లెక్కపెడతాయి. అందరినీ లెక్కపెట్టే బాధ్యత ఒక్క ప్రభుత్వానిదే. అందుకే దాన్ని వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను. పుస్తకంలో ఉన్న దయ, ప్రభుత్వ జాబితాలో ఉన్న వెడల్పు, రెండూ ఒకే చోట ఉండాలని నా ఆశ. ఘటాలు మోసేది ఆడవాళ్ళు, ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ముందు తెలిసేదీ వాళ్ళకే. మా వీధి చందా లెక్క చూసే అరుగు మీద మాత్రం ఎప్పుడూ మగవాళ్ళమే కూర్చున్నాం. పాలనని వేలెత్తి చూపేముందు ఆ అరుగు సంగతి మేం తేల్చుకోవాలి.

తేల్చుకోవడం కొంచెం మొదలైంది. పోయిన యాత్రకి చందా పుస్తకం రాసిన పెదనాన్నకి చూపు ఆనక, పక్కింటి ఇంటర్ పిల్లకి ఇచ్చారు. ఆమె కొత్త పేజీల్లో పేర్లన్నీ ఒడియా అక్షరాల్లో రాసింది. అరుగు మీద కూర్చున్న ఒకాయన, తెలుగు ఇంటిపేర్లు ఒడియాలో ఏమిటని కోప్పడ్డాడు. "మీరు సదవండి తాతా, నాను రాస్తాను" అని పాత పేజీలు ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక్కో పేరూ పైకి చదువుతూ పోయాడు, ఆమె రాసుకుంటూ పోయింది. మేడ మీద అద్దె ఇంటికి తానే వెళ్ళి పేరడిగి వచ్చి చివర చేర్చింది, రేకుల గదులు మూడూ చేర్చింది. అంచున ఖాళీ జాగాని కొంచెం పెంచి గీత గీసింది. మా మేనత్త పేరు పక్కన ఆమె రాసింది నేను కూడబలుక్కుని చదివాను. "పింఛను కాగితం నవంబరులో. ముందే చెప్పాలి."